మంచు సీమలో ఎత్తు పెంచిన కారు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొనలో, సుపీరియర్ సరస్సులోనికి చొచ్చుకొనిపోయిన నేలను కీవినా ద్వీపకల్పం అంటారు. ఒకప్పుడు రాగి గనులకు పేరుపొందిన ఈ ప్రాంతానికి నేడు మంచే పేరు తెస్తున్నది. చలిగాలి సరస్సు నీటిమీదుగా వీచి, తేమను పీల్చుకొని, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. 1978-79 శీతకాలంలో ఇక్కడ 390.4 అంగుళాల మంచు కురిసింది. అంటే 32 అడుగులకు పైమాటే! మోహాక్ అనే ఊరు దాటాక రోడ్డు ప్రక్కన నిలిపిన కొలబద్దమీద ఆ గుర్తును తలలెత్తి చూచాము.

మా అబ్బాయి, కోడలు హోటన్ పట్టణానికి అవతల ఒక పల్లెలో కాపురముంటున్నారు. కోడలు ఆస్పత్రిలో నర్సు. తెల్లవారుజామున, మంచు తీసే బండి రాకముందే ఆమె డ్యూటీకి బయలుదేరాలి. రోగులు ఎదురుచూస్తుంటారు గనుక మంచు పడిందని మానుకొనే వీలు లేదు.

వారిది 2003 నాటి సుబారు లెగసీ వాగన్. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. అయినా కారు అడుగుకూ నేలకూ మధ్య ఎడం ఆరు అంగుళాల పైచిలుకే. రాత్రి అడుగు మంచు పడితే కారు పొట్ట మంచుమీద కూర్చుంటుంది. బరువు మంచు మోస్తుంది గనుక చక్రాలు పట్టు దొరకక ఊరకే తిరుగుతాయి. రేగడి దారిలో గాడి లోతైనప్పుడు ఎడ్లబండి ఇరుసు నడిమి దిబ్బకు తట్టి నిలిచిపోవడం మన రైతులు ఎరిగినదే. ఇదీ అటువంటిదే.

కొత్త బండి కొనాలంటే అప్పు చేయాలి. అందుచేత పిల్లలు ఉన్న కారునే రెండు అంగుళాలు లేపించాలని తలంచారు. ఇది వింత పనేమీ కాదు. ఆ కంపెనీవారే లెగసీ వాగన్‌ను ఎత్తు పెంచి, 1990లలో ఔట్‌బ్యాక్ అనే పేరుతో అమ్మారు.

షెడ్డులో మేమూ ఒక పూట కూర్చొని చూచాము. స్ప్రింగు, షాకబ్సార్బరు కలిసియుండే స్ట్రట్ పైకొనకూ కారు బాడీకీ మధ్య మందపాటి దిమ్మ ఒకటి పెట్టి, పొడవైన బోల్టులతో బిగించారు. స్ప్రింగును విప్పే పని లేదు. రోడ్డుమీద చల్లే ఉప్పువలన తుప్పుపట్టిన పాత బోల్టులను ఊడదీయడానికే ఎక్కువ సేపు పట్టింది. తరువాత బ్రేకు గొట్టాలు లాగుకొనకుండా చూచారు. వీల్ అలైన్‌మెంట్ చేసి, హెడ్‌లైట్లను క్రిందికి దించారు. లేనియెడల ఎదుటివారి కళ్ళలో వెలుతురు పడుతుంది.

మరి నాలుగు అంగుళాలు ఎందుకు లేపకూడదని అడిగాము. చక్రాలను త్రిప్పే ఇరుసు కడ్డీలు అంత వాలుగా తిరిగితే కీళ్ళు త్వరగా అరిగిపోతాయట. పైగా ఎత్తు పెరిగేకొలది మలుపులో కారు ఒరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యమైన మాట మెకానిక్ పెద్దాయన చివర చెప్పాడు: “ఎత్తు మిమ్మును ముందుకు పోనిస్తుంది. ఆపేది మాత్రం టైరే.” అందుకే చలిలో గట్టిపడని మెత్తని రబ్బరుతో చేసిన మంచు టైర్లను నాలుగు చక్రాలకూ వేయించారు. దిమ్మలకంటె వాటికే ఎక్కువ ఖర్చయింది.

మరునాటి వేకువను దాదాపు ఎనిమిది అంగుళాల మంచు పడియున్నది. కోడలు నెమ్మదిగా కారు పోనిచ్చింది. పొట్ట తగలలేదు. గేటు దాటిన తరువాతనే మేము లోనికి వచ్చాము.

మంచు దేశాలలో మీ పిల్లలుంటే ఈ సంగతులు వారితో చెప్పండి. కారులో పార, దుప్పటి, ఇసుక మూట ఉండాలి. మంచులో చిక్కుకొన్నప్పుడు ఇంజను వేసే ముందు సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తప్పక తీసివేయాలి. అది మూసుకొనిపోతే విషవాయువు లోపలికి వచ్చి ప్రాణం తీస్తుంది. కారు ఎంత ఎత్తైనా ఈ జాగ్రత్త మానరాదు.