బస్తర్ పథ్యం: పేజ్, ఉప్పు, అరటికాయ

దక్షిణ బస్తర్‌లో వానలు మొదలయ్యాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ, వారపు సంతల్లో నడిచే హాట్ బజార్ క్లినిక్‌లకూ నీళ్ళ విరేచనాలతో వచ్చే రోగులు ఎక్కువగా అడిగేది విరేచనం కట్టే మందు. సుక్మా, బీజాపూర్ పల్లెల్లో గోండీ, దోర్లీ మాట్లాడేవారైనా, జగదల్‌పూర్ చుట్టుపక్కల హల్బీ మాట్లాడేవారైనా, కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు కుటుంబాలవారైనా ఈ కోరికలో తేడా కనబడదు. కోరిక సహజమైనదే, పొలంలోనో అడవిలోనో పనిచేసే మనిషికి మలం మళ్ళీ గట్టిగా రావడమే జబ్బు తగ్గిందనడానికి గుర్తు, దాన్ని తెలుసుకోవడానికి ఏ పరీక్షా అక్కరలేదు. అయితే మలం ఎందుకు పలచబడిందో తెలుసుకోకుండా కట్టడానికి పూనుకున్న చోట ప్రమాదాలు జరుగుతాయనీ, తెలిసి చేసిన చోట ఆ ప్రాంతపు వంటింటి సరుకులే చాలావరకు సరిపోతాయనీ అక్కడి రోగుల చరిత్రలు పరిశీలించిన వైద్యుడికి అర్థమవుతుంది.

పెద్దవారి చిన్నపేగులోకి తాగిన నీరు, లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం అన్నీ కలిసి రోజుకు సుమారు 8, 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో ఎక్కువ భాగాన్ని చిన్నపేగే పీల్చుకోగా, పెద్దపేగుకు చేరిన ఇంచుమించు ఒకటిన్నర లీటరులో చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. ఈ లెక్కలో ఎక్కడ కాస్త తేడా వచ్చినా మలం రూపు మారిపోతుంది. ఆ రూపును మళ్ళీ చిక్కబరచాలంటే పేగు కదలికను నెమ్మదింపజేయవచ్చు, ఉన్న నీటిని పీల్చి ఉబ్బే పదార్థాన్ని లోపలికి పంపి మలాన్ని ముద్దగా చేయవచ్చు, లేదా పేగు గోడ ఉప్పునూ నీటినీ తిరిగి పీల్చుకునేలా చేయవచ్చు. మొదటి రెండు పద్ధతుల్లో కంటికి కనిపించేది మారుతుందే తప్ప ఒంట్లోంచి నీరు పోవడం తగ్గిందన్న హామీ లేదు. మూడోది నిదానంగా పనిచేస్తుంది కాబట్టి రోగికి నచ్చదు, వైద్యుడు దాని వైపే మొగ్గాలి.

మొదటి పద్ధతి వల్ల వచ్చే చిక్కులు మిరప కోతల కాలంలో బాగా బయటపడతాయి. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా బస్తర్ ఆదివాసీలు గుంపులుగా ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల మిరప తోటలకు కూలికి వస్తారు. చేల గట్ల మీద గుడిసెలు వేసుకుని, కాలవ నీరో బోరు నీరో తాగుతూ, రోజు కూలి పోతుందన్న భయంతో కడుపు జబ్బును ఓర్చుకుంటూ గడుపుతారు. అలాంటి కూలీకి విరేచనాలు పట్టుకున్నప్పుడు దగ్గరి దుకాణంలోనో, ఆర్ఎంపీ వద్దనో లోపరమైడ్ మాత్ర దొరుకుతుంది. ఇది పేగు గోడలోని నరాల మీద నల్లమందు జాతి మందులలాగే పనిచేసి కదలికను అణచివేస్తుంది. జ్వరం, రక్తం లేని పెద్దవారిలో ఒకటి రెండు రోజులు వాడితే పెద్ద నష్టం లేకపోవచ్చు. కానీ పరిస్థితి రక్త విరేచనాలదైతే, అంటే షిగెల్లా వంటి క్రిములు పేగు పొరలోకి చొరబడి పుండు చేసినప్పుడు వచ్చే జ్వరంతో కూడిన జిగట విరేచనాలదైతే, కదలిక ఆగిన పేగులో ఆ క్రిములే నిలవ ఉండిపోతాయి. రెండు రోజులకే కడుపు ఉబ్బి, విరేచనం ఆగిపోయి, జ్వరం మాత్రం పెరిగి భద్రాచలం ఆసుపత్రికి చేరే కూలీ, తన జబ్బు తగ్గిందనే చెబుతాడు. చిన్నపిల్లలకు ఈ మందు అసలు ఇవ్వకూడదు.

ఈ జాగ్రత్త ఆధునిక వైద్యం కొత్తగా కనిపెట్టింది కాదు. చరక సంహిత అతిసార చికిత్సలో అజీర్ణ దోషం ఇంకా మిగిలి ఉన్న తొలి దశను ఆమాతిసారమని పిలిచి, ఆ దశలో స్తంభన ద్రవ్యాలు, అంటే మలాన్ని నిలిపే వగరు మందులు, ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది. ఆయుర్వేదం పేరుతో మొదటి రోజే దానిమ్మ తొక్క కషాయం పట్టించేవారు ఆ అధ్యాయాన్ని ఒకసారి తిరగేయడం మంచిది.

మూడో పద్ధతికి బస్తర్ వంటిల్లు ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. అక్కడ పేజ్ అనే గంజి రోజువారీ ఆహారం; మండియా, అంటే రాగి పిండిని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి కాస్త పులియనిచ్చి, మర్నాడు మరుగుతున్న బియ్యపు నూకల ఎసట్లో పోసి ఉడికించి, చల్లారాక సొరకాయ బుర్రలో నింపుకుని పొలానికి తీసుకుపోతారు. తెలుగు పల్లెల అంబలికి ఇది తోబుట్టువు. ఉడికిన పిండిపదార్థం పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజుగా విడిపోతుంది. గ్లూకోజు పేగు గోడను దాటేటప్పుడు సోడియాన్ని వెంటబెట్టుకుని పోతుందనీ, ఆ రెండింటి వెనుక నీరు వెళుతుందనీ 1960లో ప్రాగ్‌లో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించిన సూత్రమే నోటి ద్వారా లవణ ద్రావణం ఇచ్చే చికిత్సకు ఆధారం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోయాక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటినే బంధువుల చేత తాగించి, సుమారు 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు తెచ్చారు. ఈనాటి ఓఆర్ఎస్ పొట్లం 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన పాళ్ళతో తయారవుతోంది. లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు.

పేజ్‌లో పిండి ఉంది, నీరు ఉంది, పులుపు ఉంది, లేనిది ఉప్పు. దీనికి చరిత్రలో కారణం లేకపోలేదు. సముద్రానికి దూరంగా ఉన్న బస్తర్ అడవుల్లో ఉప్పు ఎంత అపురూపమంటే, సంతకు వచ్చే వ్యాపారికి సారపప్పు కొలిచి ఇచ్చి అంతే బరువు ఉప్పు తీసుకుపోయిన ఆదివాసీ కుటుంబాల సంగతి ఆ ప్రాంతం గురించి రాసిన చాలామంది ప్రస్తావించారు. నేడు రేషన్ దుకాణంలో ఉప్పు దొరుకుతున్నా పేజ్‌ను చప్పగానే తాగి, పక్కన ఆకుకూరో పచ్చడో నంజుకునే అలవాటు చాలా ఇళ్ళలో కొనసాగుతోంది. విరేచనాల రోగికి లీటరు పలచని పేజ్‌లో 3 గ్రాముల ఉప్పు, అంటే సుమారు అర టీచెంచా, కలిపి, విరేచనమైన ప్రతిసారీ గ్లాసుడు తాగించమని చెబితే చాలు. పొట్లంలోని పొటాషియం అందులో తగినంత ఉండదు కాబట్టి పొట్లం దొరికితే అదీ ఇవ్వాలి. 2002 నుంచి ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పనిచేస్తున్న మితానిన్‌లు, అంటే ఊరివారే ఎంచుకున్న మహిళా ఆరోగ్య కార్యకర్తలు, తమ మందుల పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచుకుంటారు. ఇంట్లో ఉన్న పేజ్‌కు ఉప్పు చేర్చమని వారు చెప్పే మాట, ఆసుపత్రి మెట్ల మీద వైద్యుడు చెప్పే మాటకన్నా త్వరగా ఒంటబడుతుంది.

విషాదం ఏమిటంటే, విరేచనాలు మొదలవగానే కుటుంబం మొదట ఆపేది ఆ పేజ్‌నే. పారుతున్న కడుపులో పోస్తే మరింత పారుతుందన్నది వారి వాదన. లంఖణం పరమౌషధం అన్న తెలుగువారి సామెత కూడా అదే దారిలో నడుస్తుంది. రెండు రోజులు పస్తు పెట్టిన బిడ్డకు విరేచనాలు తగ్గినట్లే కనబడతాయి, ఎందుకంటే పేగులో మలంగా మారడానికి ఏమీ మిగలదు. అదే సమయంలో ఆహారం అందని పేగు పొర పలచబడి, తరువాత పెట్టిన అన్నాన్ని జీర్ణించుకోలేని స్థితికి చేరుతుంది. బస్తర్‌లో ఎదుగుదల లోపించిన పిల్లల్లో 14 రోజులు దాటే విరేచనాల వెనుక ఈ పస్తుల పాత్ర చాలాసార్లు కనిపిస్తుంది.

అలాంటి పిల్లల్లోనే గట్టిపరిచే ఆహారం అన్న మాటకు అసలైన అర్థం వస్తుంది. పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగులో జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలనే పదార్థాలుగా మారుస్తాయి, ఇవి పెద్దపేగు గోడను ప్రేరేపించి ఉప్పునూ నీటినీ పీల్చుకునేలా చేస్తాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు కలరా సోకిన పెద్దలకూ కౌమారులకూ ఇచ్చే లవణ ద్రావణంలో లీటరుకు 50 గ్రాముల జీర్ణం కాని మొక్కజొన్న పిండి కలిపి చూసి, మలం ద్వారా పోయే నీరు తగ్గిందనీ, విరేచనాలు త్వరగా ఆగాయనీ 2000లో ప్రకటించారు. మరుసటి ఏడాది ఢాకా వైద్యులు, విరేచనాలు వీడని 5 నుంచి 12 నెలల మగశిశువులకు ఉడికించిన పచ్చి అరటికాయను లేదా పెక్టిన్‌ను, అంటే పండ్లలో ఉండే జిగురు పీచును, బియ్యపు జావలో కలిపి పెట్టి మంచి ఫలితాలు చూపారు. పచ్చి అరటికాయలో ఈ మొండి పిండి ఎక్కువ. పండేకొద్దీ అది చక్కెరగా మారిపోతుంది కాబట్టి పండిన అరటిపండు అదే పని చేయదు. పచ్చికాయను తొక్కతో సహా ఉడికించి, తొక్క తీసి మెత్తగా మెదిపి, ఉప్పు వేసిన బియ్యపు జావలో కలిపితే ఆరు నెలలు దాటిన బిడ్డకు తినిపించవచ్చు. అంతకన్నా చిన్నవారికి తల్లిపాలే ఆహారం, పథ్యం, మందు అన్నీ.

పాల విషయంలో బస్తర్‌కు ప్రత్యేకంగా ఆలోచించాలి. ఆవు పాలు దూడవేనని భావించి పితకని సంప్రదాయం అక్కడి గోండు సమాజాల్లో ఉంది. పెద్దయ్యాక పాలచక్కెరను, అంటే లాక్టోజును, విడగొట్టే సామర్థ్యం చాలామందిలో తగ్గిపోతుంది, విరేచనాలు దెబ్బతీసిన పేగులో అది తాత్కాలికంగా ఇంకా పడిపోతుంది. బిడ్డ చిక్కిపోయిందని సంత నుంచి పాలపొడి డబ్బా కొనితెచ్చి కలిపి పట్టిన తల్లి, మూడు వారాలుగా విరేచనాలు తగ్గని ఆ బిడ్డతో వచ్చినప్పుడు, ఆ డబ్బా పాలను కొన్నాళ్ళు ఆపి పేజ్‌కు, అరటికాయకు మరలిస్తే అంతవరకు ఏ మందుకూ లొంగని విరేచనం కట్టుకోవడం కద్దు. దీనికి తోడు జింకు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2004లో సిఫారసు చేసిన రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు వారికి 10, పది నుంచి పద్నాలుగు రోజులు ఇస్తే, ఈ దఫా జబ్బు తగ్గడమే కాక తరువాతి నెలల్లో మళ్ళీ రావడమూ తగ్గుతుంది. రెండో రోజుకే విరేచనం ఆగిందని మాత్రలు మూలన పడేయడం అక్కడ మామూలు.

అడవి మందుల సంగతి వేరు. మారేడు పిందెలు ఎండబెట్టి కాచిన కషాయంలో టానిన్లు, అంటే పేగు పొరను బిగించే వగరు పదార్థాలు, పెక్టిన్ రెండూ ఉంటాయి. జ్వరం, రక్తం లేని, వారం దాటిన విరేచనాల్లో ఇది వాడదగినదే. కొడిశపాల బెరడులోని కోనెస్సిన్ అనే క్షారానికి అమీబాను చంపే గుణం ఉన్నందువల్ల పూర్వం అమీబిక్ జిగట విరేచనాలకు వాడారు, కానీ మోతాదు మించితే నరాల మీద దుష్ఫలితాలు ఉన్నాయి. చేతికి వచ్చినంత బెరడు కాచి తాగించడాన్ని ఏ వైద్యుడూ సమర్థించలేడు. మామిడి జీడి కూడా వగరే, అందుకే మజ్జిగలో అరగదీసి ఇస్తారు. పొరుగు ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో 2001లో ఆ జీడినే గంజి కాచుకుని తిన్న పలువురు మరణించడం, తడిసి బూజు పట్టిన జీడి ఎంత విషమో దేశానికి తెలిపింది. ఇసబ్‌గోల్ పొట్టు పైన చెప్పిన రెండో పద్ధతికి చెందినది, మలాన్ని ముద్దగా చేస్తుంది. కలరా వంటి జబ్బులో దాన్ని నమ్ముకోవడం ఆత్మవంచన.

ఏ పథ్యానికీ విరేచనం కట్టకపోతే వెతకవలసినది మరో చోట. బస్తర్‌లో జ్వరంతో కూడిన నీళ్ళ విరేచనాలు చాలాసార్లు ఫాల్సిపారం మలేరియా ముఖం. 2020లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో జ్వరం లేనివారికి కూడా ఇంటింటా రక్తపరీక్ష చేశారంటే ఆ జబ్బు ఎంత దాగి ఉంటుందో ఊహించవచ్చు. నీటిమీద జిడ్డుగా తేలే దుర్వాసన మలం, తేన్పులు, ఉబ్బరం ఉంటే చెలమ నీటి ద్వారా వచ్చే జియార్డియాను అనుమానించాలి; సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే పేగు క్షయను; జగదల్‌పూర్ వంటి పట్టణంలో చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన ఉద్యోగి అయితే ఆ మాత్రనే.

వీటన్నిటికన్నా ముందు, వచ్చిన మనిషికి అసలు జబ్బు ఉందా అని అడగాలి. మలం రూపును ఏడు రకాలుగా విభజించిన పట్టికను 1997లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైద్యులు ప్రచురించారు. అది అక్కడి ఆహారం తినేవారిని చూసి చేసినది. ఆఫ్రికా పల్లెల్లో పీచు ఎక్కువ తినేవారి మలం మెత్తగా, ఎక్కువ పరిమాణంలో ఉంటుందని వైద్యుడు డెనిస్ బర్కిట్ గమనించాడు. రాగి, కొర్ర, ఆకుకూర, వెదురు కొమ్ములు తినే బస్తర్ రైతు సంగతీ అంతే. వసతి గృహంలో పాలిష్ బియ్యం తిని పెరిగి పట్టణంలో స్థిరపడిన కొడుకు, సెలవుల్లో ఊరికి వచ్చి తండ్రి మలం పలచగా ఉందని కంగారుపడి ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు, ఆ తండ్రి కొన్నేళ్ళుగా రోజుకు రెండుసార్లు అలాగే మెత్తగా వెళుతున్నా బరువు తగ్గకుండా, రక్తం పడకుండా, రాత్రి ఒక్కసారి కూడా విరేచనం కోసం నిద్ర లేవకుండా ఉన్నాడని తేలితే, అతనికి రాయవలసిన మందు ఏదీ లేదు. కొడుకుకు మాత్రం రోజుకో గిన్నె పేజ్ సూచించవచ్చు.