నిక్కరు తడవకూడదని నీళ్లు తాపలేదు

"ఈ పొద్దు కూడా పోసుకున్నాడు మ్మా" అంటూ అంగన్‌వాడీ ఆయమ్మ నా చేతిలో ప్లాస్టిక్ కవరు పెట్టింది. అందులో తడి నిక్కరు. నా వెనక ఇంకో నలుగురు తల్లులు నిలబడి ఉన్నారు. వాళ్లెవరూ ఏమీ అనలేదు. అయినా నాకు తలెత్తాలనిపించలేదు. పిల్లోడి చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికొచ్చేశాను.

మా చిన్నోడికి అప్పటికి మూడేళ్లు నిండి రెండు నెలలు. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. "జేజీ, జుజ్జూ" అంటే చాలు, మా అత్త చేతిలో పని వదిలేసి దొడ్లోకి తీసుకుపోయేది. అంగన్‌వాడీకి పంపిన మొదటి వారం నుంచే ఈ కవర్లు మొదలయ్యాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. పొద్దున పాలు మానిపించాను. నీళ్ల సీసా సగమే నింపి పంపాను. "మళ్లీ పోసుకున్నావంటే సూది వేయిస్తా" అని బెదిరించాను. నాలుగు రోజులు నిక్కరు పొడిగా వచ్చింది. గెలిచాననుకున్నా. మార్చి నెల, మన గోరంట్ల ఎండ సంగతి తెలిసిందే. ఐదో రోజు రాత్రి వాడు జ్వరంతో లేచి, "మంట మా" అని నిక్కరు పట్టుకుని ఏడ్చాడు.

హిందూపురంలో పిల్లల డాక్టరమ్మ పరీక్ష చేయించి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. "బిగబట్టుకుంటున్నాడా? నీళ్లు తక్కువ తాగుతున్నాడా?" అని అడిగారు. నేను మా ఆయన వైపు చూడలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. పిల్లలు బిగబట్టుకుంటే మలబద్ధకం కూడా వస్తుందట. లోపల గట్టిపడిన మలం మూత్రసంచిని నొక్కితే, వాళ్లకు తెలియకుండానే నిక్కరు తడుస్తుందట. నీళ్లు తగ్గిస్తే తడి తగ్గదు, జబ్బు పెరుగుతుంది. "ఇంట్లో బాగున్న పిల్లోడు అక్కడ ఎందుకు పోసుకుంటున్నాడో ఒకసారి పోయి చూడమ్మా" అన్నారు.

వాడికి నయమయ్యాక ఒక పూటంతా అంగన్‌వాడీలో కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, నాలుగు మాటలు అడిగేద్దామనే పోయాను.

అక్కడ టీచరమ్మ పాఠం చెబుతూ, రిజిస్టర్లు రాస్తూ, బాలింతలకు సరుకులు ఇస్తూ ఉంది. ఆయమ్మ ఒక్కతే అన్నం వండాలి, గుడ్లు ఉడకబెట్టాలి, ఊడ్చాలి, ఇరవై మంది పిల్లలను చూసుకోవాలి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం ఇది. ఇన్నేళ్లకు పనులు పెరిగాయి గానీ చేతులు ఆ నాలుగే. మరుగుదొడ్డి వెనకాల ఉంది. లోపల చీకటి. నీళ్లు డ్రమ్ము నుంచి బిందెతో మోసుకోవాలి. చిత్రావతి ఒడ్డునే మన ఊరున్నా, ఏట్లో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే కదా. ఒక పిల్లోడు నిక్కరు తడిపితే ఆమెకు ఒక బిందె నీళ్లు ఖర్చు. అడగాలనుకున్న మాటలు నా గొంతులోనే ఉండిపోయాయి.

పదిన్నరకు మా వాడు కాళ్లు ముడుచుకుని "జుజ్జూ" అన్నాడు. పిల్లలు గొల్లున నవ్వారు. అక్కడందరూ "ఒంటికి" అంటారు. వాడి మాట వాళ్లకు ఆటలా ఉంది. పొయ్యి దగ్గరున్న ఆయమ్మకు అది వినపడనే లేదు. వాడు తల దించుకుని మళ్లీ కూర్చున్నాడు. ఇంట్లో వాడు అడగ్గానే లేచే మనిషి ఉంది. ఇక్కడ వాడి మాటే ఎవరికీ అర్థం కావడం లేదు. ఇన్ని రోజులు నేను మొండితనం అనుకున్నది ఇదా అని కడుపులో దేవినట్టయింది.

ఆ రోజు ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇంట్లో కూడా "ఒంటికి", "రెంటికి" అనే మాటలే అలవాటు చేశాం. టీచరమ్మ, రాగానే ఒకసారి, పాటలయ్యాక ఒకసారి, అన్నానికి ముందు ఒకసారి పిల్లలందరినీ పంపడం మొదలుపెట్టింది. అప్పుడు ఎవరూ ప్రత్యేకంగా అడగక్కర్లేదు, ఎవరూ నవ్వరు. గుండీల నిక్కరు మాని ఎలాస్టిక్‌ది వేశాను, వాడే లాక్కుంటాడు. తిన్నాక పేగులు కదులుతాయి కాబట్టి, పొద్దున టిఫిన్ అయ్యాక ఇంట్లోనే పది నిమిషాలు కూర్చోబెట్టమని డాక్టరమ్మ చెప్పారు. అది మా అత్త బాధ్యత. నీళ్ల సీసా నిండా నింపాను. ఇంకో రెండు నిక్కర్లు, పాత చీర ముక్కలు సంచిలో పెట్టాను. మా ఆయన ఆ మరుగుదొడ్డిలో ఒక బల్బు పెట్టించారు.

"మా కాలంలో నడక రాకముందే కాళ్ల మీద కూర్చోబెట్టుకుని స్స్ అనేవాళ్లం, ఎన్నిసార్లు తడిపారని ఎవరు లెక్కపెట్టారు?" అంటుంది మా అత్త. నిజమే, అప్పుడు మట్టి వాకిలి, పొద్దంతా పిల్లోడి వెంట ఒక పెద్దామె ఉండేది. అమెరికాలో బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టరు 1962లోనే, పిల్లలు సిద్ధమయ్యేదాకా ఆగండి, తొందరపెట్టకండి అని రాశారు. రెండు గంటలు పొడిగా ఉండటం, వచ్చిందని చెప్పగలగడం, నిక్కరు తనే దించుకోగలగడం పిల్లలు సిద్ధమయ్యారనడానికి గుర్తులు. మా వాడికి మూడూ ఉన్నాయి. సిద్ధం కానిది మేమే.

నెల దాటేసరికి కవర్లు ఆగాయి. మధ్యలో రెండుసార్లు తడిపాడు, ఎవరూ ఏమీ అనలేదు. రాత్రిపూట ఇంకా ఒక్కోసారి తడుపుతాడు. దానికి ఇంకా టైముందన్నారు డాక్టరమ్మ.

మొన్న అంగన్‌వాడీ గుమ్మం దగ్గర కొత్తగా వచ్చిన ఒక తల్లి చేతిలో అదే కవరు. ఆమె కూడా తల దించుకునే ఉంది. పక్కకు పిలిచి ఒక్క మాటే అడిగాను. "చెల్లీ, ఇంట్లో మీ పాప దాన్ని ఏమంటుంది?"