నరం తీసేశాక నొప్పేమిటి?

మాస్టారు చేగోడీల డబ్బా వైపు చూడటం మానేసి పది రోజులైంది. తెనాలిలో ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. సాయంత్రం నాలుగింటికి కాఫీ, దాంతోపాటు గుప్పెడు చేగోడీలు... రిటైరయ్యాక ఆయన తప్పకుండా పాటిస్తున్న టైంటేబుల్ అదొక్కటే.

కారణం ఎడమవైపు కింది దవడ పన్ను. దానికి రూట్ కెనాల్ చేయించుకున్నారు. 'నరం తీసేశాం మాస్టారూ' అంది డాక్టరమ్మ. ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పింది కానీ, సగం మొహం మొద్దుబారి ఉన్న ఆయనకి ఆ మొదటి మాటే చెవిలో మిగిలింది. జాగ్రత్తలు రాసిచ్చిన చీటీ చొక్కా జేబులోనే ఉండి, చొక్కాతోపాటు ఉతుకులోకి వెళ్లిపోయింది.

మత్తు దిగిన రాత్రే మొదలైంది అసలు కథ. అన్నం ముద్ద ఆ పంటి కింద పడితే పోటు. చల్లటి నీళ్లు పుక్కిట పడితే జివ్వుమని చెవి దాకా లాగుడు. నరమే లేనప్పుడు ఈ నొప్పి ఎవరికి వస్తున్నట్టు? ముప్ఫై ఏళ్లు పిల్లలకి వ్యాకరణం చెప్పిన మనిషికి, కర్త లేకుండా క్రియ ఎలా జరుగుతోందో అంతుపట్టలేదు.

భార్యకు చెప్పుకుందామా అంటే అక్కడే వచ్చింది చిక్కు. 'పీకించేయండి, పీడా పోతుంది. క్యాప్‌తో కలిపి పదివేలు పోయడమెందుకు?' అని ఆవిడ మొదట్లోనే అంది. కుడివైపు అలా పీకించుకున్నవి అప్పటికే రెండు. నమలడానికి మిగిలింది ఎడమవైపే అని వాదించి, పంతం పట్టి మరీ వైద్యం చేయించుకున్నారు. ఇప్పుడు నొప్పి అంటే ఆవిడ మాటే నెగ్గినట్టు. అందుకని నోరు మూసుకుని, ఖాళీలున్న కుడివైపే నమిలీ నమలకుండా మింగడం మొదలుపెట్టారు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బాలోంచి ఓ లవంగం తెచ్చుకుని బుగ్గన పెట్టుకునేవారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు మందుల షాపుకెళ్లి 'పంటి నొప్పికి ఏదైనా ఇవ్వవయ్యా' అన్నారు. ఆ కుర్రాడు యాంటీబయాటిక్ ఒకటి, నొప్పి మాత్ర ఒకటి కలిపి కాగితం పొట్లంలో పెట్టి ఇచ్చాడు. మూడు రోజులు మింగారు. కడుపులో మంట వచ్చింది కానీ పోటు అలాగే ఉంది. డాక్టరమ్మ డబ్బు కోసమే చేసిందేమోనన్న అనుమానం కూడా అప్పుడే తలెత్తింది. పదోరోజున ఆమె దగ్గరికే వెళ్లారు, పన్ను పీకేయమని చెప్పడానికి.

ఆమె కోప్పడలేదు. 'మాస్టారూ, ఇంట్లో అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించామనుకోండి. వీధిలో సందడి ఆగిపోతుందా?' అంది.

సంగతేమిటంటే, పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. వేరు చుట్టూ సన్నటి పీచుల్లాంటి పొర ఉంటుంది. మందం మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ పీచులే పన్నును ఎముకకు పట్టి ఉంచుతాయి. వాటికి తమ సొంత నరాలున్నాయి. అన్నంలో చిన్న మట్టిబెడ్డ తగిలినా టక్కున తెలిసేది వాటివల్లే. రూట్ కెనాల్‌లో తీసేది పంటి లోపలి మెత్తటి గుజ్జునీ, అందులోని నరాన్నీ మాత్రమే. సన్నటి ఆకురాళ్ల లాంటి పనిముట్లతో వేరు కొస దాకా గీకి, మందు నీళ్లతో కడుగుతారు కాబట్టి ఆ కొస చుట్టూ కొంత వాపు వస్తుంది. అందుకే కొరికితే కొన్నాళ్లు నొప్పి. మామూలుగా అయితే రోజురోజుకీ తగ్గుతూ వారంలో సర్దుకుంటుంది.

తగ్గకపోతేనే వెతకాలి. ఆమె నీలం కార్బన్ కాగితంలాంటి పల్చటి ముక్క పళ్ల మధ్య పెట్టి కొరకమంది. ఫిల్లింగ్ మీద ఒకచోట చిక్కగా నీలం మచ్చ పడింది. తక్కిన పళ్లకంటే అదే ముందు తగులుతోందన్నమాట. ఫిల్లింగ్ పెట్టిన రోజు మత్తులో ఉన్న దవడతో సరిగ్గా కొరకలేకపోయారు, ఎత్తుగా ఉన్నట్టు తెలియలేదు. పది రోజులుగా ప్రతి ముద్దకీ వాచిన వేరు మీద సుత్తి దెబ్బ పడుతోంది. రెండు నిమిషాలు అరగదీసేసరికి మాస్టారికి నోట్లోంచి ఎవరో లేచి వెళ్లినట్టయింది.

మరి చల్లటి నీళ్ల జివ్వు? దానికి ఆమె మంచులా చల్లబరిచిన దూది ముక్కను వైద్యం చేసిన పంటికి ఆనించింది. ఏమీ లేదు. దాని ముందున్న పంటికి ఆనించగానే మాస్టారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. అక్కడ చిగురు కిందికి జారి వేరు బయటపడింది. గట్టి బ్రష్షుతో అంట్లు తోమినట్టు తోముకున్న ఫలితం. పక్కపక్క ఇళ్లలో గొడవైతే ఏ ఇంట్లోనో వీధి చివరివాడికి తెలియనట్టే, దవడలో నొప్పి ఏ పంటిదో మెదడు కూడా తరచూ పొరబడుతుంది. మెత్తటి బ్రష్షు, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రాసిచ్చింది. కొన్ని వారాలు ఓపిక పట్టాలంది. దవడ పళ్లలో ఒక్కోసారి కంటికి చిక్కని సన్నటి కాలువ మిగిలిపోయి కూడా నొప్పి పెడుతుందట. ఎక్స్‌రే తీసి ఆయనకు అదేమీ లేదని చూపించింది.

కోప్పడింది మాత్రం మందుల షాపు పొట్లం చూసి. వాపూ జ్వరమూ లేని ఇలాంటి నొప్పికి యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. బీపీ ఉన్న మనిషి నొప్పి మాత్రలు అడగకుండా మింగడం కిడ్నీలకూ మంచిది కాదు. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడమో మింగడమో కష్టమైనా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలంది. క్యాప్ వాయిదా వేయొద్దనీ చెప్పింది. ఇప్పటికే పుచ్చి, డొల్లచేసిన పన్ను ఏ చేగోడీకో నిలువునా చీలితే అప్పుడు నిజంగానే పీకాల్సి వస్తుంది.

పాత అలవాటు కొద్దీ, పంటి లోపల నింపిన పదార్థం ఏమిటని అడిగారు మాస్టారు. గట్టా పెర్చా అట, మలయా ప్రాంతపు చెట్ల పాలు. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగకు తొడిగింది దాన్నే. సముద్రపు నీటినే ఆపింది, తన ఉమ్మి ఎంతలే అనుకున్నారు. మరి ఆ గదిలో లవంగం వాసనేమిటంటే, తాత్కాలికంగా పెట్టే సిమెంటులో లవంగ నూనెలోని యూజినాలే కలుపుతారని చెప్పింది.

ఇంటికొచ్చి, ఆ ఊపులో భార్యకు అంతా చెప్పేశారు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. చేగోడీల డబ్బా నిండుగా ఉన్న రెండో రోజే తెలిసిందట.

'లవంగాలు కూడా లెక్కపెట్టావా?' అన్నారాయన నవ్వుతూ. 'నేను తీసింది రోజుకొక్కటే. డబ్బా అడుక్కి ఎలా పోయిందో నాకూ తెలీలేదు.'

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చీర కొంగుతో కుడి బుగ్గ ఒత్తుకుంటూ, 'ఏమండీ, ఆ డాక్టరమ్మ రేపు ఉంటుందా?' అంది.