చక్రాల మీద చలికాపురం

కొత్త చీర కట్టిన రోజే పులుసు ఒలకటం మీకూ అనుభవమే కదా! మా కొత్త బండి సంగతీ అంతే అయింది.

మేముండేది అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్సులో. ఎండలకు పేరుమోసిన ఊరు. 2023లో మావారు ముచ్చటపడి క్యాంపర్ వ్యాను కొన్నారు. పడకలు, గ్యాసు పొయ్యి, సింకు, బుల్లి ఫ్రిజ్జు అన్నీ బండిలోనే. "ఇంక హోటలు గదుల గొడవ లేదోయ్" అని ఆయన మురిసిపోతే, "ఎక్కడికెళ్లినా వంట తప్పదన్నమాట" అని నేను గొణుక్కున్నాను.

డిసెంబరు సెలవులకు గ్రాండ్ కాన్యన్ బయల్దేరాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు. "ఈ చలిలో పెద్దావిడెందుకండీ?" అని నేను మావారి దగ్గర సణిగిన మాట మీకు దాచను.

ఫీనిక్సు సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంటే, కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగులు. మొదటి దెబ్బ వంట దగ్గరే తగిలింది. ఎత్తుకెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మరుగుతాయిగానీ పప్పు ఉడకడానికి ఆ వేడి చాలదు. చోటు చాలదని కుక్కరు ఇంట్లోనే వదిలేశాను. గంటన్నరైనా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంది. ఆ పూట ఆవకాయే ఆదుకుంది.

అర్ధరాత్రి దాటాక చలికి మెలకువ వచ్చింది. హీటరు ఆగిపోయింది! అది మండేది గ్యాసుతోనే అయినా, ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ కావాలి. సాయంత్రమంతా దీపాలు, పిల్లల టీవీ. పైగా చలికి బ్యాటరీ సత్తువా తగ్గుతుంది. బయట మైనస్ 8 డిగ్రీలు. రాత్రిపూట అక్కడ జనరేటరు వెయ్యకూడదు. చిన్నవాడు దగ్గుతున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కిటికీలన్నీ బిగించి, పొయ్యిలు రెండూ వెలిగించబోయాను.

"ఆగమ్మాయ్!" అన్నారు అత్తగారు దుప్పట్లోంచి. "తలుపులు మూసుకుని గదిలో కుంపటి పెట్టుకోకూడదని మా అమ్మ చెప్పేది. ఇదీ అంతేగా?"

మావారి ముఖం పాలిపోయింది. మూసిన చోట మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకోవచ్చు. రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. దాన్ని పసిగట్టే అలారం మా బండిలో ఉంది నిజమే, కానీ అది పనిచేసేదీ ఆ బ్యాటరీ మీదే!

ఇక ఆవిడే పెత్తనం తీసుకున్నారు. కిటికీలకు తన నేత చీరలు కట్టించారు. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి, మమ్మల్ని చెరోపక్కా సర్ది, ఉన్న దుప్పట్లన్నీ కప్పించారు. పైకప్పు కిటికీ మాత్రం బెత్తెడు తీసే ఉంచమన్నారు. అలా ముడుచుకుని తెల్లవార్లూ గడిపాం.

పొద్దున్నే పంపు తిప్పితే చుక్క రాలేదు, గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. నేను తెల్లబోతే, అత్తగారు తన పక్కలోంచి రెండు నీళ్ల సీసాలు తీశారు. "కాఫీకుంటాయని రాత్రే పెట్టుకున్నా" అన్నారు మామూలుగా. ఎర్రటి కొండల మీద మంచు, దాని మీద లేత ఎండ చూస్తూ ఆ కాఫీ తాగాం. బయల్దేరేముందు నేనన్న మాట ఆవిడ విన్నారో లేదో, ఇప్పటికీ అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఇప్పుడు కుక్కరు, బ్యాటరీతో విడిగా పనిచేసే అలారం లేనిదే మా బండి కదలదు. మీకు వ్యాను లేకపోవచ్చు. కానీ చలికాలం బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకున్నా, గాలాడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వాడుతున్నా ప్రమాదం ఇదే. ఈ పూటే ఒకసారి చూసుకోండి. గాలి వచ్చే దారి ఉందా?