పద్దులో లేని పూర్తధర్మం

గృహస్థుడు ఆచరించవలసిన సత్కర్మలను మన పూర్వులు ఇష్టమనీ, పూర్తమనీ రెండుగా విభజించారు. అగ్నిముఖంగా దేవతలను ఉద్దేశించి చేసే యజ్ఞాదులు ఇష్టం. బావులు, చెరువులు త్రవ్వించడం, దేవాలయాలు నిర్మించడం, తోటలు నాటించడం, అన్నదానం చేయడం పూర్తం. ఈ రెండూ కలిస్తే ఇష్టాపూర్తం. పూర్తకర్మలలో జలసంబంధమైన వాటికి విశేషమైన స్థానం ఉంది. తెలుగుదేశంలో ప్రసిద్ధమైన సప్తసంతానాలలో కన్నకొడుకు సరసన తటాకాన్ని కూడా సంతానంగానే లెక్కించారు. అయితే నీటికోసం నేలను త్రవ్వడమంతా పూర్తమే అవుతుందా? ఈ ప్రశ్న ఒకప్పుడు ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుని చేతికి నాలుగు పుటల కొటేషన్ రూపంలో అందింది.

బాపట్ల జిల్లాలోని రామాపురం సముద్రతీర గ్రామం. ఇసుకనేల, ఉప్పుగాలి, వారాంతాల్లో చీరాల మీదుగా వచ్చే యాత్రికులు, వారికోసం వెలసిన రిసార్టులు. ఆ ఊరిలో మాస్టారు దంపతులు పెద్దల నాటి ఇంట్లో ఇద్దరే నివసిస్తున్నారు. కుమారుడు సకుటుంబంగా అమెరికాలో ఉన్నాడు. తొమ్మిదేళ్ళ మనుమరాలికి ఈత అంటే ప్రాణం. రెండేళ్ళకొకసారి వచ్చినప్పుడు సముద్రం కనుచూపుమేరలోనే ఉన్నా, కొడుకు ఆ పిల్లను మోకాటిలోతు దాటి దిగనివ్వడు. స్నానానికి దిగినవారిని అలలు లోపలికి లాగుకొనిపోయిన వార్తలు ఈ తీరవాసులకు కొత్త కావు. పిల్లకు తోచదు. నెల రోజులని వచ్చినవారి తిరుగుప్రయాణం పదిహేనో రోజుకే జరుగుతుంది. అందుకే ఈసారి కొడుకు ఫోనులో అన్నాడు: "నాన్నగారూ, మన పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టిద్దాం. డబ్బు నేను పంపిస్తాను. మీరు కొటేషన్ చూసి సరే అనండి చాలు. ఇకమీదట ప్రతి వేసవికీ వస్తాం."

ప్రతి వేసవికీ వస్తాం అన్న మాట ఆ వృద్ధదంపతుల చెవులకు వేదవాక్యంలా వినిపించింది.

మాఘమాసంలో కాంట్రాక్టర్ వచ్చి పెరడు కొలిచి, వారం తిరగకుండా కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 1.25 మీటర్లు. అంటే 40 ఘనపు మీటర్లు, 40,000 లీటర్ల నీరు. మట్టి త్రవ్వకం, ఆర్.సి.సి. అడుగు, గోడలు, నీరు కారకుండా పూత, నీలిరంగు టైల్స్, ఇసుక ఫిల్టర్, మోటారు, దీపాలు, కొత్త బోరు. మొత్తం 16,80,000 రూపాయలు. జి.ఎస్.టి. 18 శాతం, అంటే 3,02,400 కలిపితే 19,82,400. సగం సొమ్ము ముందుగా చెల్లించాలి.

మాస్టారు లౌకికజ్ఞానం లేని మనిషి కారు. శాస్త్రగ్రంథాన్ని చదివినట్టే దాన్ని పదం పదం చదివి, ప్రక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టారు. ఉక్కు ఎంత మందమో, ఎంత దూరానికొకటి వేస్తారో లేదు. నీరు నింపి ఎన్ని రోజులు పరీక్షిస్తారో లేదు. పిల్లలు జారిపడకుండా చుట్టూ కంచె, తలుపు ఎవరి బాధ్యతో లేదు. సొమ్ము పని జరిగినకొద్దీ విడతలుగా ఇవ్వడం, చివరి విడతను వర్షకాలం గడిచేదాకా నిలిపి ఉంచడం ఉభయులకూ క్షేమమని వ్రాసుకున్నారు.

వీటన్నిటికన్న ముఖ్యమైన లోపం మరొకటి కనిపించింది. భూజలం ఎంత లోతున ఉన్నదో ఆ నాలుగు పుటల్లో ఎక్కడా లేదు. రామాపురం వంటి చోట వానకాలంలో నీరు నేలకు చాలా దగ్గరగా వస్తుంది. కాంక్రీటు తొట్టిలో నీరు నిండి ఉన్నంతకాలం ప్రమాదం లేదు. శుభ్రం చేయడానికి ఖాళీ చేసిననాడు క్రింది నీరు ఆ తొట్టిని పడవను ఎత్తినట్టు పైకి ఎత్తగలదు, గోడలు బీటలు వారగలవు. దానిని నివారించడానికి అడుగున ఒత్తిడిని విడుదల చేసే కవాటం ఉండాలి. అసలు త్రవ్వేటప్పుడే ఊరే నీటిని రాత్రింబవళ్ళు మోటార్లతో తోడిపోయాలి. ఆ నీరు ఎవరిది?

ఈ ప్రశ్న దగ్గర ఆయన పెన్సిలు ఆగింది. పుట వెనక్కు త్రిప్పితే, మొదట అంతగా పట్టించుకోని మూడో పద్దు కంటబడింది: "పాత బావి పూడ్చి, నేల చదును చేయుట – 22,000."

ఆ బావి ఆయన తాతగారు త్రవ్వించినది. కొళాయి వచ్చిన తరువాత ఇంట్లో దాని వాడకం తగ్గింది. ఒరలు రెండుచోట్ల చిట్లాయి. అయినా ప్రక్క వీధిలోని నాలుగైదు కుటుంబాల స్త్రీలు కొళాయి రాని రోజుల్లో వెనుక గుమ్మం నుండి వచ్చి బిందెలు ముంచుకొని వెళతారు. సముద్రానికి ఇంత చేరువలో ఆ నీరు తియ్యగా ఉండటానికి కారణం ప్రకృతిలోని ఒక సున్నితమైన సమతుల్యం. వానకు ఇంకిన మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, దాని క్రింద దాదాపు నలభై అడుగుల మేర ఉప్పునీరు వెనక్కు నెట్టబడి ఉంటుందని జలశాస్త్రం లెక్క. పై అడుగును తోడివేస్తే క్రింది ఉప్పు అదే నిష్పత్తిలో పైకి వస్తుంది. ఒకరి పెరటిలో బోరు అతిగా తోడితే పదిమంది బావులు ఉప్పదేలవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోరుబావులను నియంత్రణలోకి తేవడానికి మూలం కూడా ఇటువంటి అనుభవమే. నేల పైభాగానికే గాని క్రింది నీటికి ప్రహరీగోడ లేదు.

ఆ రాత్రి మాస్టారుకు పోరుమామిళ్ళ శాసనం స్ఫురించింది. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు 1369లో నిర్మింపజేశాడు. రెండేళ్ళపాటు వేయిమంది మనుషులు, నూరు బండ్లు శ్రమించిన ఆ నిర్మాణాన్ని వర్ణించే సంస్కృతశాసనం చెరువుకు పన్నెండు సాధనాలనూ, ఆరు దోషాలనూ పేర్కొంటుంది. కట్టనుండి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండటం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం – ఇవి ఆ ఆరు దోషాలు.

మాస్టారు కొటేషన్‌ను ఈ ప్రమాణంతో తూచి చూశారు. చవిటినేల అన్న దోషం ప్రత్యక్షంగానే ఉంది. సరిహద్దు దోషం మరింత ఆలోచింపజేసింది. ఇక్కడ నేల అడుగున తీపినీటి రాజ్యమూ, ఉప్పునీటి రాజ్యమూ ఒకదానినొకటి తాకుతూ ఉన్నాయి. ఆ సరిహద్దు మీద త్రవ్వకం ఎటువంటి కలహాన్ని తెస్తుందో చెప్పడం కష్టం.

కాని ఆయనను నిద్రపోనివ్వనిది దోషాల పట్టిక కాదు, సాధనాల పట్టిక. అందులో మంచి నేల, తీయని నీటి నది, గట్టి రాతికట్ట, నేర్పరులైన పనివారు అన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటె ముందు కర్త ఉన్నాడు. ధర్మపరుడు, ధనవంతుడు, సుఖి, శాశ్వతమైన కీర్తిని కోరేవాడు అయిన ప్రభువు మొదటి సాధనం. జలశాస్త్రవేత్త రెండోవాడు. నేల, నీరు, రాయి ఆ తరువాతనే. అంటే నిర్మాణాన్ని పరీక్షించడానికి ముందు నిర్మింపజేసేవాణ్ణి పరీక్షించాలి. కొటేషన్‌లో ప్రతి వస్తువుకూ పద్దు ఉంది, కోరిక కలిగినవాడికి మాత్రం లేదు. "ఈ పని ఎవరికోసం? ఏ సంకల్పంతో?" అన్న గడిని కాంట్రాక్టర్ పూరించలేడు. అది యజమాని స్వహస్తంతో పూరించవలసినది.

ఆయన తనను తాను విచారించుకున్నారు. మనుమరాలి ఆనందం అన్నది పైకి కనిపించే సంకల్పం. దాని అడుగున మరొకటి ఉంది. కొడుకు రావాలి, వచ్చినవాడు త్వరగా వెళ్ళకూడదు. గాలానికి ఎర కట్టినట్టు, దూరమైన సంతానాన్ని ఇంటికి లాగడానికి ఇరవై లక్షల నీటిని ఎర వేస్తున్నానా? ఇది పుత్రవాత్సల్యమా, వాత్సల్యం వేషం వేసుకున్న మమకారమా? జీవితమంతా విద్యార్థులకు మమకారత్యాగాన్ని బోధించిన వ్యక్తికి ఆ ప్రశ్న తేలికైనది కాదు.

ప్రొద్దున ధర్మపత్నితో ఈ మాట చెప్పారు. ఆమె కాఫీ గ్లాసు చేతికిచ్చి, కొంతసేపు ఊరకుండి అన్నది: "పిల్లలు నీళ్ళకోసం రారండీ. మనమీద గాలి మళ్ళితే వస్తారు, లేకపోతే లేదు. ఆ పిల్ల ఎప్పటికైనా అడిగేది కొలను గురించి కాదు, బావిలో తాబేలు ఇంకా ఉందా అనే."

మరునాడు కాంట్రాక్టర్ వచ్చాడు. మాస్టారు అడిగారు: "ఇది కట్టాక చుట్టుప్రక్కల బావుల్లో నీళ్ళు ఏమవుతాయి నాయనా?" అతను దాచలేదు. "మాస్టారూ, తోడేటప్పుడు తగ్గుతాయండి. బోరు రోజూ వేస్తే ఉప్పు తగలొచ్చు కూడా. కొటేషన్‌లో అడిగినవాటికే జవాబు ఉంటుందండి. మీరు అడగలేదు, నేను రాయలేదు." ఆ మాటలో వంచన లేదు. అతని ధర్మం అతను నిర్వర్తించాడు. అడగవలసినది అడగడం యజమాని ధర్మం.

శాస్త్రంలో తటాకప్రతిష్ఠకు ఉత్సర్గమనే అంగం ఉంది. త్రవ్వించినవాడు నీటిని సకలప్రాణుల నిమిత్తం విడిచిపెట్టాలి. "న మమ" అంటూ, ఇది నాది కాదని పలికినప్పుడే ఆ గుంట తీర్థమవుతుంది. అంతవరకు అది త్రవ్వకమే గాని పూర్తం కాదు. కాంట్రాక్టర్ పని ముగించి యజమానికి అప్పగించడంతో కొటేషన్ ముగుస్తుంది. యజమాని దానిని లోకానికి అప్పగించడంతో ధర్మం మొదలవుతుంది. తాళం వేసిన పెరటిలో, మందు కలిపిన నీటిలో పశువు దాహం తీరదు, పక్షి దాహం తీరదు. వేసవి ఎండకు రోజుకు అయిదు మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైతేనే ఆ కొలను 160 లీటర్లు కోల్పోతుంది. అంటే ప్రక్క వీధివారి పది బిందెల నీరు. ఈతకొలను పాపమని ఎవ్వరూ అనరు. నీరు సమృద్ధిగా ఉన్న నేలలో, పిల్లలకు ఈత నేర్పడం ప్రాణరక్షణమే. కాని ఈ నేలలో, ఈ బావిని పూడ్చి, ఈ సంకల్పంతో అది పూర్తం కాజాలదని మాస్టారు నిశ్చయించుకున్నారు. క్రొత్తది కట్టడంకంటె శిథిలమైనదానిని ఉద్ధరించడం అధికఫలదాయకమన్న జీర్ణోద్ధరణ ధర్మం కూడా ఆయనకు తోడుపడింది.

కొడుకుకు ఫోను చేసి జరిగినదంతా చెప్పారు. మమకారం సంగతి కూడా దాచకుండా చెప్పారు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. "మీ ఇష్టం నాన్నగారూ" అన్నాడు కొడుకు. ఆ స్వరంలో నొప్పి ఉందో, ఉపశమనం ఉందో తండ్రికి తెలియలేదు. వేసవి ప్రస్తావన ఎవరూ తేలేదు.

అదే కాంట్రాక్టర్ రెండో కొటేషన్ ఒక్క పుటలో ఇచ్చాడు. బావి పూడిక తీయడం, చిట్లిన ఒరలు మార్చడం, చుట్టూ గచ్చు, పైన ఇనుప జాలీ, పశువులకు బయట ఒక తొట్టి, ఇంటి కప్పు మీది వాననీరు ఇంకడానికి ప్రక్కన ఒక గుంట. సొమ్ము మాస్టారు తమ పింఛనులోనుండే ఇచ్చారు. పని జరిగినన్నాళ్ళూ తాబేలును ఇత్తడి గంగాళంలో ఉంచి, ముగిశాక మళ్ళీ బావిలో వదిలారు.

జలదానానికి ప్రశస్తమైన వైశాఖమాసంలో ఒక ఉదయం, దంపతులిద్దరూ బావి ఒడ్డున నిలిచారు. దోసిట నీరు పట్టి, ఇది మాది కాదని సంకల్పించి విడిచారు. ఆ మాట నీటికి మాత్రమే చెందదని ఇద్దరికీ తెలుసు. సముద్రాల ఆవల ఉన్న కొడుకునూ, మనుమరాలినీ కూడా ఆ దోసిటిలోనే పట్టి, ఆ వ్రేళ్ళ సందులనుండే విడిచారు. మాస్టారు చేయి కొద్దిగా వణికింది. వెనుక గుమ్మం తలుపు తీసే ఉంది. ప్రక్క వీధి ఆవిడ బిందెతో వచ్చి, పూజ ఏదో జరుగుతున్నదని గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా అమ్మా, ముంచుకో" అన్నారు మాస్టారు.

శ్రీకృష్ణార్పణమస్తు.