తిరిగే చక్రంలో దాగిన శక్తి

జగ్గయ్యపేట, నందిగామల జీవనం హైదరాబాదు–విజయవాడ రహదారితో పెనవేసుకొని ఉన్నది. 2022లో ఈ మెట్టప్రాంతం కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. నాటి 9వ నంబరు రహదారి నేడు 65 అయినది. పేర్లు మారినను సిమెంటు మోసే లారీల రాకపోకలు మారలేదు.

ఆ బరువంతా ఆనేది టైరులోని గాలిపైననే. గాలి తగ్గిన టైరు అధికంగా నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, మండుటెండ తోడైతే పగులుతుంది. అనుభవజ్ఞులైన డ్రైవర్లు బయలుదేరే ముందు ఇనుపకడ్డీతో టైరును కొట్టి, చప్పుడును బట్టి గాలిని అంచనా వేస్తారు. బండి పరుగులో ఉండగా ఆ పరీక్ష సాధ్యం కాదు.

ఆ లోటు తీర్చుటకే టైరు లోపల అమర్చే సెన్సార్లు వచ్చినవి. ఇవి గాలి ఒత్తిడిని, వేడిని కొలిచి, తీగ లేకుండానే రేడియో తరంగాల ద్వారా డ్రైవరుకు తెలుపుతాయి. అయితే వీటి బ్యాటరీ సాధారణంగా 5 నుండి 10 ఏండ్లలో అడుగంటుతుంది. చాలావాటిలో బ్యాటరీని మార్చే వీలు లేక, సెన్సారునే మార్చవలసి వస్తుంది.

మా నాన్నగారి సైకిలుకు డైనమో ఉండేది. తొక్కినంతసేపే దీపం వెలిగేది. డైనమోను చక్రానికి ఆనించగానే తొక్కుడు బరువవుతుందని ఆయన అనేవారు. శక్తి ఊరక పుట్టదనే శాస్త్రసత్యం ఆ మాటలోనే ఉన్నది.

నేటి పరిశోధకులు ఈ సూత్రాన్నే టైరు లోపలికి తీసుకొనిపోతున్నారు. టైరులోని ప్రతి భాగమూ నేలను తాకినప్పుడు చదునై, పైకి లేవగానే మరల వంపు తిరుగుతుంది. అచ్చట పీజో విద్యుత్ పదార్థపు పలుచని రేకును అతికిస్తే, వంగినప్పుడల్లా రవ్వంత విద్యుత్తు పుడుతుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు జనిస్తుందని క్యూరీ సోదరులు 1880లోనే కనుగొన్నారు. మీటరు అడ్డుకొలత గల లారీ చక్రం 30 కిలోమీటర్ల దూరంలో సుమారు 9,500 సార్లు తిరుగుతుంది. ఆ రవ్వలన్నీ కూడబెట్టితే, క్షణకాలం మేల్కొని కబురు పంపి మరల నిద్రించే సెన్సారుకు సరిపోవచ్చును. వేడికి, లక్షలాది వంపులకు ఓర్చి ఆ రేకు రబ్బరును అంటిపెట్టుకొని ఉండుటయే కష్టం. అందుచేతనే ఇప్పటికీ బ్యాటరీదే పైచేయి.

విద్యార్థులారా! మీలో పంక్చరు దుకాణాల వారి బిడ్డలు, లారీ డ్రైవర్ల బిడ్డలు ఉన్నారు. తండ్రి వృత్తి చెప్పుకొనుటకు సంకోచించేవారిని నేను చూచినాను. సంకోచం అనవసరం. ఏ అతుకు నిలుస్తుందో, ఏది వేడికి ఊడుతుందో మీ పెద్దల చేతులకు తెలుసు. శాస్త్రజ్ఞులను వేధిస్తున్న ప్రశ్న కూడా అదే. ఆ చేతి నేర్పును మీ చదువుతో జతపరచండి. రాత్రివేళ లారీ నడిపే మనిషి క్షేమంగా ఇల్లు చేరుటకు మించిన పరీక్షాఫలితం వేరొకటి లేదు.