చావు లేని ఇంజను

అంబాసిడర్ కారు మీద మన దేశంలో వేయని జోకు లేదు. హారను తప్ప అన్నీ మోగుతాయని ఒకరంటే, తలుపు వేయడానికి పహిల్వాను కావాలని మరొకరంటారు. కానీ ఇంజను మాట వచ్చేసరికి ఎగతాళి చేసేవాళ్లే గొంతు మార్చి “దానికి చావు లేదండీ” అంటారు. ఈ మాటలో నిజమెంత?

నాకీ ప్రశ్న ఊసుపోక వచ్చింది కాదు. తాతయ్య సెకండ్ హ్యాండులో కొన్న 1986 నాటి పెట్రోలు అంబాసిడర్ మా ఇంట్లో ఉంది. ఊళ్లో ఎవరికి పురిటి నొప్పులొచ్చినా, అర్ధరాత్రయినా సరే, తెనాలి ఆసుపత్రికి ఆ బండే వెళ్లేది. మా అమ్మ నన్ను కనడానికి వెళ్లిందీ అందులోనే. దాని రిజిస్ట్రేషను గడువు 2026లో తీరుతుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రెన్యువలు రుసుము 2025 ఆగస్టులో పదివేలయింది. కట్టాలా, పాత ఇనుముకు అమ్మేయాలా? “సైన్సు చదువుతున్నావుగా, నువ్వే చెప్పరా” అన్నారు నాన్న.

ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు. ఈ నాలుగు సిలిండర్ల ఇంజను ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబంలో పుట్టింది. 1489 సీసీ. 1950లలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్లకూ, ఎం.జి.ఎ. అనే స్పోర్ట్సు కారుకూ ఇదే ఇంజను. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌కు మొదట పాత సైడ్ వాల్వు ఇంజను పెట్టి, 1959 ప్రాంతంలో దీన్ని ఎక్కించారు. 1990ల మొదట్లో ఇసుజు ఇంజను వచ్చేదాకా పెట్రోలు అంబాసిడర్ గుండె ఇదే. 2014 మేలో కారు తయారీయే ఆగింది. రోడ్డు మీదున్న ఇంజన్లు మాత్రం ఆగలేదు.

నిర్మాణం చూస్తే అద్భుతమేమీ లేదు. క్రాంకు షాఫ్టును మోసేవి మూడే మెయిన్ బేరింగులు. సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 89. అందుకని తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది గాని ఎక్కువ వేగంతో తిరగడం దానికి గిట్టదు. కంప్రెషన్ నిష్పత్తీ తక్కువే. మనం పాఠంలో చదివే ఆటో సైకిల్ ప్రకారం ఆ నిష్పత్తి తగ్గితే సామర్థ్యమూ తగ్గుతుంది. మా బండి లీటరుకు పది కిలోమీటర్లు దాటకపోవడానికి ఇదొక కారణం. దానికి ప్రతిఫలంగా నాసిరకం పెట్రోలునైనా ఓర్చుకుంటుంది, భాగాల మీద ఒత్తిడి తక్కువ. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. బరువైన ఎద్దు లాంటిదన్నమాట. పరుగెత్తదు, పొద్దుగూకేదాకా లాగుతుంది.

పుస్తకం చెప్పేది ఇంతవరకే. మిగతా సగం మా బండి చూసే మేస్త్రి చెప్పారు.

“చావు లేకపోవడమేంటి బాబూ? నా చేతుల్లోనే రెండుసార్లు చచ్చింది” అన్నారాయన నవ్వుతూ.

రెండుసార్లు బోరు చేయించి ఓవర్ సైజు పిస్టన్లు వేశారు. క్రాంకు గ్రైండింగు చేయించారు. 2000లో సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. ఆ సీసం ఎగ్జాస్టు వాల్వు సీట్లు అరిగిపోకుండా కాపాడేది. అది లేకపోయేసరికి గట్టి ఉక్కు సీట్లు దిగ్గొట్టారు. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది, పాత రబ్బరుకు అది పడదు. కనుక పైపులన్నీ మార్చారు. మా తాతయ్య నాగలికీ కర్రు మారింది, మేడి మారింది, అయినా అది తాతయ్య నాగలే. ఇంజనూ అంతే.

మన్నిక అంటే అరగకపోవడం కాదు, అరిగినప్పుడు విప్పి బాగుచేసుకోగలగడం అని నాకు తోచింది. ఆ ఇంజను పేరులో సగం వాటా ఊరూరా ఉన్న లేతు షాపులదీ, మేస్త్రీలదీ. అసలు భయం కూడా అక్కడే ఉంది. మా మేస్త్రికి డెబ్బై దాటాయి. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. స్పేరు పార్టు ఎక్కడో ఒకచోట దొరకవచ్చు, ఆ చేతులు దొరకవు.

పొగ సంగతీ దాచకూడదు. కెటలిటిక్ కన్వర్టరు లేని బండి ఇది, రోజూ తిప్పవలసింది కాదు. నాన్నకు అదే చెప్పాను. రుసుము కట్టి నెలకు రెండుసార్లు మాత్రం బయటికి తీద్దాం, సెలవుల్లో మేస్త్రి దగ్గర పని నేను నేర్చుకుంటాను అన్నాను.

“నేర్చుకుంటే ఉంచుదాం. లేకపోతే అమ్మేద్దాం” అన్నారు నాన్న.

న్యాయమైన షరతే. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఫీలర్ గేజి నా చేతికిచ్చి, మేస్త్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. టాపెట్లు సెట్ చేయడం వచ్చింది. కార్బురేటరు ఇంకా రాలేదు. వేసవి సెలవులున్నాయి.